రెండు లీటర్లు

లివర్‌మోర్‌లో ఊరికి ఉత్తరాన శివవిష్ణు ఆలయం, దక్షిణాన ద్రాక్షతోటలు. ఇరవై రెండేళ్లుగా మా శనివారాలు ఈ రెంటి మధ్యే గడిచాయి. పొద్దున గుడి, సాయంత్రం ఏదో ఒక తోట. ఆ తోటల్లో మొదలైన ఇష్టంతోనే మా ఆయన గరాజులో ఒక మూల చెక్కతో చిన్న గది కట్టించారు. గోడల్లో వేడి దిగకుండా థర్మకోల్ పరిచి, కూలింగ్ మిషను బిగించి, బయట 40 డిగ్రీలు కాస్తున్నా లోపల 13 దాటకుండా కాపాడుకుంటూ వచ్చారు. అందులో ఇప్పుడు 156 వైన్ సీసాలున్నాయి. ఏ సీసా ఎప్పుడు కొన్నారో, ఆ రోజు పక్కన ఎవరున్నారో రాసుకున్న నోటుపుస్తకం తలుపు వెనక దారానికి వేలాడుతుంటుంది.

ఈ ఏడాది చివర మేం హైదరాబాద్ వెళ్లిపోతున్నాం. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మ కూడా మా దగ్గరికే వస్తుంది. అమ్మాయి ఉద్యోగం ఇక్కడే, అది ఇక్కడే ఉంటుంది. సోఫాలు, మంచాలు, కారు ఇచ్చేయడానికి ఆయన క్షణం ఆలోచించలేదు. సీసాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

మా తమ్ముడిది చెన్నై హార్బరులో కస్టమ్స్ క్లియరింగ్ పని. 2025 జూలైలో నెల రోజులుందామని వచ్చాడు. ఒక శనివారం భోజనాలయ్యాక ఆ గది తలుపు తీసుకుని నిలబడి బావాబావమరుదులిద్దరూ మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాను. గొంతులు పెరిగిన చోట్లున్నాయి. ఇద్దరిలో ఎవరి మాటా నేను తీసిపారేయలేను.

ఆయన: ఎటూ సామాను కంటైనర్ పోతోంది. అందులో ఒక మూల పదమూడు పెట్టెలు. పెట్టెకి పన్నెండు. ఎంత చోటు పడుతుందని?

తమ్ముడు: చోటుదేముంది బావా. రెండేళ్లకి పైగా బయట ఉండి తిరిగొచ్చేవాళ్లకి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అని ఇంటి సామాను మీద సుంకంలో మినహాయింపు ఇస్తారు. మీ గిన్నెలకీ, వాషింగ్ మెషీన్‌కీ అది వర్తిస్తుంది. మద్యానికి వర్తించదు. విమానంలో మీతోపాటు తెచ్చుకుంటే మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. ఓడలో విడిగా వచ్చే సామానుకి ఆ 2 లీటర్లు కూడా ఉండవు. మొదటి సీసా నుంచే కట్టాలి.

ఆయన: కడతాను. ఎంత?

తమ్ముడు: 150 శాతం.

ఆయన: బ్యాగేజీ మీద 38.5 అని ఎక్కడో చదివానే.

తమ్ముడు: అది మామూలు వస్తువులకి. 2 లీటర్లు దాటిన మద్యాన్ని అందులోంచి తీసేశారు. మీ సీసా సగటున ఎంత ఉంటుంది?

ఆయన: కొన్నప్పటి ధరలైతే 55 డాలర్లు అనుకో.

తమ్ముడు: 156 సీసాలకి 8,580. దాని మీద సుంకం 12,870. ఇది ఉత్త వైను ధర మీద వేసిన లెక్క. కస్టమ్స్‌లో ఓడ కిరాయి, బీమా కలిపిన విలువ మీద వేస్తారు. ధర మీరు చెప్పినంతే ఒప్పుకుంటారని కూడా లేదు. పదేళ్ల కిందటి నాపా కాబర్నే అంటే ఇవాళ బజార్లో ఎంత పలుకుతోందో చూస్తారు.

ఆయన: నేను కొట్టు పెట్టుకోవడానికి తీసుకెళ్లడం లేదయ్యా. మనిషి ఒక దేశం వదిలి ఇంకో దేశం వెళ్తున్నాడు, ఇల్లంతా వెంట వస్తోంది. పుస్తకాలకి లేని పన్ను, పట్టుచీరలకి లేని పన్ను దీనికెందుకు? ఇదీ ఇంట్లో సామానే.

తమ్ముడు: ఆ మాట మన దేశం ఒక్కటే కాదు, యూరప్ కూడా ఒప్పుకోలేదు. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లో స్థిరపడటానికి వచ్చేవాళ్లకి ఇంటి సామాను మీద మినహాయింపు ఇస్తూ 2009లో 1186 నంబరు రెగ్యులేషన్ చేశారు. మినహాయింపు లేనివాటిలో మొదట రాసింది మద్యమే, తరవాత పొగాకు. వైను పుట్టినిల్లనుకునే ఫ్రాన్సుకి కాపురం మార్చినా మీ సీసాలు ఇంటి సామానులోకి రావు.

ఆయన: సుంకం ఉండొచ్చు. 150 ఏమిటి? ఆస్ట్రేలియా వైనుకి తగ్గించారుగా.

తమ్ముడు: తగ్గించారు. 2022 డిసెంబరు 29న ఆ ఒప్పందం అమల్లోకి వచ్చాక సీసా 5 డాలర్లు పైబడితే 100 శాతం, 15 డాలర్లు పైబడితే 75. అక్కణ్నుంచి పదేళ్లలో మెట్టుమెట్టుగా ఇంకా దిగుతుంది. అది ఆస్ట్రేలియాలో తయారైన వైనుకి. మీవి కాలిఫోర్నియావి. సుంకం కట్టేసినా పని అయిపోదు. మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితాలో ఉంది. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చో చెప్పేది రాష్ట్ర ఎక్సైజ్ శాఖ. రేపు మీరు ఏ బీహారుకో గుజరాత్‌కో మారాల్సి వస్తే అసలు ఆ మాటే లేదు. ఇక్కడి పోలీసు ఈ గది తలుపు తీస్తే చూసి ముచ్చటపడతాడు. అక్కడ అదే గదికి కాగితం చూపించమంటారు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. అరలోంచి ఒక సీసా తీసి, చీటీ మీద చెయ్యి ఉంచి, మళ్లీ పడుకోబెట్టారు. ఈ సీసాలన్నీ పడుకునే ఉంటాయి. నిలబెడితే బిరడా ఎండిపోతుంది, ఎండిన బిరడా సందులోంచి గాలి దూరి వైను పులిసిపోతుంది. ఈ సంగతి పెళ్లయిన చాన్నాళ్ల దాకా నాకు తెలియదు. ఇంట్లో వైను ఉంచుకోవడమంటే దానికి కాపలా కాయడమని ఆయన్ని చూశాకే తెలిసింది.

ఆయన: సరే, ఓడ వద్దు. విమానంలో తెస్తాను. 24 శాతం లోపు ఆల్కహాలుంటే చెకిన్ సామానులో ఇంతే అని విమాన నిబంధనల్లో పరిమితి లేదు. వైను 14 శాతం. పన్నెండు సీసాలంటే మరీ మోయలేనంత బరువేం కాదు. వచ్చిన ప్రతిసారీ ఒక పెట్టె తెస్తాను. రెడ్ చానెల్లోకి నేనే నడిచి వెళ్లి, రసీదు తీసుకుని వస్తాను. దొంగతనంగా ఒక్క సీసా కూడా తీసుకెళ్లను.

తమ్ముడు: ఆ మాటకి మీకు దణ్ణం పెడతాను బావా. చాలామంది గ్రీన్ చానెల్లోంచి నడిచిపోదామని చూస్తారు. కానీ పదమూడు ప్రయాణాలు చేస్తారా? చేశారే అనుకోండి, ఈ గదికి కరెంటు ఎవరు కడతారు? అమ్మకానికి పెట్టిన ఇల్లిది.

ఆయన: అయితే రీఫర్ కంటైనర్ మాట్లాడు. 13 డిగ్రీల్లో పెట్టి పంపిస్తారు. ఖర్చు నాది.

తమ్ముడు: చెప్తాను వినండి. ఓక్లండ్ నుంచి పసిఫిక్ దాటి, సింగపూరులోనో కొలంబోలోనో ఇంకో ఓడ మారి, చెన్నైలో దిగి, అక్కణ్నుంచి హైదరాబాద్ చేరేసరికి ఎన్ని వారాలో. ఆ దారిలో ప్రతి రేవులోనూ పెట్టెని దింపుతారు, ఎక్కిస్తారు, ప్లగ్గు పీకుతారు, పెడతారు. నేను రోజూ చూసే పని ఇది. మే నెల మధ్యాహ్నం యార్డులో ఇనప పెట్టె మీద చెయ్యి పెట్టలేం. మామూలు కంటైనర్ అయితే లోపల 50 డిగ్రీలు దాటుతుంది. రీఫర్‌లో పెట్టినా, కాగితాలు తేలని సరుకుని ఎన్నాళ్లు ప్లగ్గులో ఉంచుతారో నేను హామీ ఇవ్వలేను. వేడికి వైను పొంగి బిరడాని పైకి తోస్తుందని నాకు చెప్పింది మీరే.

ఆయన: తోస్తుంది. తోసి, చల్లబడ్డాక లోపలికి గాలి పీలుస్తుంది. ఉడికిన వైను అంటారు దాన్ని. పళ్ల వాసన పోయి, మురబ్బా వాసన వస్తుంది. కానీ ఒకటి విను. వేడిలో ప్రయాణించి బాగుపడ్డ వైను కూడా లోకంలో ఉంది, అదీ మన దేశం దారిలోనే. పోర్చుగల్ వాళ్ల మదీరా దీవిలో ఇంగ్లీషు ఓడలు ఆగి, పీపాలు ఎక్కించుకుని మద్రాసు, కలకత్తా వచ్చేవి. అమ్ముడుపోని పీపాలు ఓడలోనే వెనక్కి పోయేవి. తీరా మూత తీసి చూస్తే, దీవిలో ఉండిపోయిన వైను కన్నా ఇండియా చూసొచ్చిన వైనే బాగుంది. దాంతో కావాలని పీపాల్ని ఇండియాకి తిప్పి తెప్పించడం మొదలుపెట్టారు. విన్యు ద రోడా అని దానికో పేరు కూడా ఉంది. చుట్టు తిరిగొచ్చిన వైను.

తమ్ముడు: ఇది నాకు తెలియదు. మద్రాసు దాకా వచ్చిందా?

ఆయన: వచ్చింది. కోటలో దొరలు తాగింది అదే.

తమ్ముడు: మరి మీ సీసాలు కూడా అలాగే బాగుపడతాయా?

ఆయన: (కాసేపాగి) బాగుపడవు. మదీరాలో ద్రాక్ష సారాయి కలుపుతారు, గాలికీ వేడికీ ముందే రాటుదేలుస్తారు. ఇప్పటికీ దాన్ని చాలావరకు తొట్టెల్లో పోసి నెలల తరబడి వెచ్చబెట్టే చేస్తారు. నా దగ్గరున్నవి వేరు. ఇవి తట్టుకోలేవు.

గెలవాలన్న పట్టుదలలో ఉండి కూడా ఆ మనిషి తనకు తెలిసిన నిజాన్ని దాచుకోలేదు. అందుకే ఆయనతో ఎవరైనా వాదించగలరు.

ఆయన: అయినా పెద్దవాళ్లు తెచ్చుకోలేదా? థామస్ జెఫర్సన్ ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా ఉండి 1787లో బోర్డో తోటలు తిరిగాడు. 1789లో తిరిగొచ్చాడు, ఆ మరుసటేడు తనకీ జార్జి వాషింగ్టన్‌కీ బోర్డో వైను తెప్పించుకున్నాడు. నడిసముద్రంలో తెరచాప ఓడలో రాగా లేనిది, ఈ కాలంలో రాదా?

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. ఆయన చెప్పగా పదిసార్లు విన్న కథ కాబట్టి రెండో సగం నాకూ తెలుసు. జెఫర్సన్‌దే అని చెప్పి, ఆయన పొడి అక్షరాలు చెక్కి ఉన్న 1787 నాటి లాఫీట్ సీసాని 1985లో లండన్‌లో క్రిస్టీస్ వాళ్లు వేలం వేశారు. ఫోర్బ్స్ కుటుంబం 1,05,000 పౌండ్లకి పాడుకుంది. గాజు పెట్టెలో నిలబెట్టి, పైన దీపం వేసి జనానికి చూపించారు. ఆ దీపం వేడికి బిరడా ఎండి, జారి, వైనులో పడిపోయింది. అసలది జెఫర్సన్ సీసాయేనా, ఆ అక్షరాలు ఈ కాలపు కరెంటు పనిముట్టుతో చెక్కినవా అని తరవాత పెద్ద గొడవే అయింది. ఎవరిదైతేనేం, ఆ వైను ఒక్క చుక్క కూడా ఎవరి నాలిక మీదా పడలేదు. ఆ మాటే అన్నాను. ఆయన నా వంక చూసి ఊరుకున్నారు.

అసలు మాట తమ్ముడు అప్పుడెత్తాడు.

తమ్ముడు: బావా, సుంకం కట్టారు, ఎక్సైజ్ వాళ్లని ఒప్పించారు, ఒక్క బిరడా కదలకుండా 156 సీసాలూ గచ్చిబౌలి ఫ్లాట్‌కి చేరాయి అనుకుందాం. ఆ ఇంట్లో అమ్మ ఉంటుంది.

ఆయన: అత్తయ్యకి నేను తాగుతానని తెలుసు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

తమ్ముడు: అమెరికాలో తాగుతారని తెలుసు. తను పడుకునే గది పక్కన గోడంతా సీసాలుంటాయని తెలియదు.

ఆయన: సారా వేరు, వైను వేరు. భోజనంతో పాటు ఒక గ్లాసు, వారానికోసారి. ఒక్కనాడు మాట తూలానా? అడుగు తడబడిందా?

తమ్ముడు: లేదు. తేడా మీకు తెలుసు, నాకు తెలుసు. అమ్మకి ఆ తేడా నేర్పే అధికారం మనకి లేదు బావా.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పాల్సినదొకటుంది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కబురు ఊరూరా పాకినప్పుడు మా ఊళ్లోనూ ఆడవాళ్లు లేచారు. అమ్మ చీపురు పట్టుకుని, కొంగున కారప్పొడి మూటగట్టుకుని రాత్రుళ్లు ఊరి మొగదల కాపలా కాసింది. సారా ప్యాకెట్ల బండి వస్తే అడ్డం నిలబడటానికి. మా పిన్ని పుస్తెలు సారా కొట్టులో తాకట్టులో ఉన్నాయి అప్పుడు. ఏడుస్తూ కూర్చోవడానికి అమ్మకి తీరిక లేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది ఎత్తేసిన రోజు అమ్మ అన్నం తినలేదు. పొద్దుపోయేదాకా అరుగు మీదే కూర్చుంది. మద్యం అనే మాటలో ఒక తరం ఆడవాళ్ల రాత్రులున్నాయి. మా ఆయన సీసాలకీ ఆ ప్యాకెట్లకీ ఏ సంబంధమూ లేదని నేను కోర్టులోనైనా చెప్పగలను. అమ్మ ఎదురుగా చెప్పలేను.

ఆయన: అయితే ఏం చెయ్యమంటావు? అమ్మెయ్యనా? కాలిఫోర్నియాలో లైసెన్సు లేకుండా నేను ఒక్క సీసా అమ్మకూడదు. లైసెన్సున్న వేలం కంపెనీకి ఇస్తే వాళ్ల కమిషను పోను ఎంతో కొంత చేతిలో పెడతారు. ఇది అమ్మాయి అన్నప్రాశన రోజు గుడి నుంచి వస్తూ కొన్నది. ఇది మా నాన్న పోయిన ఏడు, ఇక్కడికి రాలేకపోయిన ఏడు. వీటికి ధర కట్టించి రసీదు తెచ్చుకోనా?

తమ్ముడు: అమ్మమనలేదు. నాకు ఒక్కటే అర్థం కాదు. ఈ పుస్తకంలో ప్రతి సీసా పక్కనా ఒక మనిషి పేరుంది. ఫలానావాళ్లతో కొన్నాం, ఫలానావాళ్లతో తాగాలి అని రాసుకున్నారు. ఆ పేర్లలో తొంభై పాళ్లు ఇక్కడివాళ్లే. ప్లెజంటన్, డబ్లిన్, శాన్ రమోన్. సీసా హైదరాబాద్‌లో, మనిషి ఇక్కడ. ఎవరితో తాగుతారు?

ఆ ప్రశ్నకి మా ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పుస్తకం తీసి పేజీలు తిప్పారు. నేను భుజం మీదుగా చూశాను. పేర్లలో ఇద్దరు ఇప్పటికే లేరు.

ఆయన: మరి అక్కడికెళ్లి ఏం తాగమంటావు?

తమ్ముడు: నాసిక్ ఉంది, నంది కొండలున్నాయి. సూలా అనే వైను కంపెనీ పెట్టిన రాజీవ్ సామంత్ ఇక్కడే సిలికాన్ వ్యాలీలో ఉద్యోగం వదిలి వెళ్లినవాడే. అక్కడికెళ్లి ద్రాక్షతోట వేశాడు. అంతకు ముందు నాసిక్‌లో దాదాపు అందరూ పండించింది తినే ద్రాక్షే.

ఆయన: అవి వేరు. అక్కడ ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు, ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి. చలికాలం చివర కోస్తారు. ఇక్కడ తీగ చలికాలమంతా నిద్రపోతుంది, అక్కడ దానికి నిద్రే ఉండదు. ఆ రుచి ఇది కాదు.

తమ్ముడు: కాకపోతే ఏం? మన అనాబ్‌షాహీ ద్రాక్ష రుచి మాత్రం ఇక్కడ దొరుకుతుందా? మొన్న మీరే తోట చూపిస్తూ చెప్పారు, 1880లలో ఈ ఊరికి బోర్డో నుంచి, షాతో దికెమ్ తోట నుంచి తీగ ముక్కలు తెప్పించి నాటారనీ, ఆ నాటిన మనిషి వైనుకి 1889 పారిస్ ప్రదర్శనలో పెద్ద బహుమతి వచ్చిందనీ. అప్పుడు సముద్రం దాటింది తీగ. దాటిన చోట కొత్త రుచి పట్టింది.

మా ఆయన నవ్వారు. వాదన మొదలైన తరవాత మొదటి నవ్వు. ఒప్పుకున్నారని కాదు. తను చెప్పిన మాటని వేరే మనిషి అంత బాగా గుర్తుపెట్టుకున్నందుకు.

తరవాత మాటలు తగ్గి పని మొదలైంది. ముందు తీసింది అమ్మాయి పుట్టిన 2003 సంవత్సరపు వింటేజ్ పోర్టు, ఆరు సీసాలు. యూరప్‌లో ఎండలు మండిపోయిన ఏడు అది. ఆ పోర్టు ఇంకో ముప్పై ఏళ్లు నిలుస్తుంది. వాటి గురించి ఇద్దరి మధ్యా పేచీ లేదు. పుట్టిన ఏటి వైను బిడ్డ దగ్గర ఉండాలి. అడుగున మడ్డి కదలకుండా ఎలా వంచాలో అమ్మాయికి చూపించి ఇవ్వాలని ఆయన పుస్తకంలో రాసుకున్నారు. నేనైతే పెళ్లికో పురిటికో అని ఆగకుండా, దానికి ఇష్టమైన రోజున తీసుకొమ్మని చెప్తాను.

మిగిలిన 150లో ఎక్కువ భాగం సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం ఇక్కడే తీయాలని తేలింది. పుస్తకంలో పేరున్న మనుషుల్ని ఇంటికి పిలిచి, వాళ్ల సీసా వాళ్ల ఎదురుగానే. దూరాన ఉన్నవాళ్లకి సీసా పంపాలా, వాళ్లనే రమ్మనాలా అన్నది తేలలేదు. పోయిన ఇద్దరి సీసాలు వాళ్ల పిల్లలకి ఇస్తాం. ఇంత తేలాక కూడా ఆయన ముఖంలో తేలిక కనిపించలేదు. కనిపించాలని నేనూ అనుకోలేదు. ఇరవై ఏళ్లు కాపలా కాసిన వాటిని ఒక్క చలికాలంలోపు ఖాళీ చేయమంటే ఎవరికి మాత్రం తేలికగా ఉంటుంది.

ఇక ఆ 2 లీటర్లు. సీసా 750 మిల్లీలీటర్లు. రెండైతే లీటరున్నర, మూడైతే గీత దాటుతుంది. రెండు సీసాలూ ఒక అరసీసా కలిపితే 1,875. ఇద్దరికీ కలిపి నాలుగు సీసాలు, రెండు అరసీసాలు. ఈ లెక్క తమ్ముడు కట్టాడు. ఏ నాలుగు అన్నది మాత్రం సాయంత్రం దాకా తెగలేదు. ఆయన అరలోంచి తీయడం, బల్ల మీద పెట్టడం, మళ్లీ లోపల పెట్టడం. తమ్ముడు ఓపిగ్గా నిలబడి ఒక్కో చీటీ చదివి పుస్తకంలో పేజీ వెతికి ఇచ్చాడు. మధ్యాహ్నం వాదించింది ఈ మనిషేనా అనిపించింది.

చివరికి బల్ల మీద నాలుగు నిలిచాయి. అన్నప్రాశన నాటిది ఒకటి. మామగారు పోయిన ఏటిది ఒకటి. మిగతా రెండూ ఇదే ఊరి తోటల్లోవి.

తమ్ముడు: ఈ నాలుగైనా ఆ ఇంట్లోనే ఉంటాయి కదా బావా. అమ్మకి ఎవరు చెబుతారు? అక్క చెప్పాలా?

ఆయన: మీ అక్క ఎందుకు? నేను అడుగుతాను. చెప్పడం కాదు, అడుగుతాను. వద్దంటే నాలుగూ ఇక్కడే తీసేద్దాం.

అప్పటికి సాయంత్రం ఆరు. అక్కడ తెల్లవారి ఆరున్నర. ఆ పాటికి అమ్మ ముగ్గు వేసి, కాఫీ కలుపుకుని అరుగు మీద కూర్చుంటుంది. ఆయన చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నారు. రెండు రింగులు పోయాక అటునుంచి గొంతు వినపడగానే కూర్చున్నవారు లేచి నిలబడ్డారు.

"అత్తయ్యా, నేను. మిమ్మల్ని ఒక మాట అడగాలి."